ఆస్పత్రికి రంగులు ఎలా ఎంచుకోవాలి: ముందు మంచం మీద పడుకుని చూడండి

క్లినిక్ కొత్తగా కడుతున్నా, పాత వార్డుకు మళ్లీ రంగులు వేయిస్తున్నా ముందుగా చేతికొచ్చేది షేడ్ కార్డు. దాన్ని టేబుల్ మీద పరిచి నలుగురూ చుట్టూ చేరతారు. ఒకరు "నీలం వేద్దాం, బీపీ తగ్గుతుందట" అంటారు. ఇంకొకరు "ఆకుపచ్చ అయితే ప్రశాంతంగా ఉంటుంది" అంటారు. ఎరుపు కోపం తెప్పిస్తుందని ఒకరు, పసుపు హుషారు ఇస్తుందని మరొకరు. అరగంట గడిచాక పెద్ద డాక్టరుగారికి ఏది నచ్చితే అది ఖాయమవుతుంది.

ఆ కార్డును కాసేపు పక్కన పెట్టండి. ఫలానా రంగు వేస్తే ఫలానా జబ్బు తగ్గుతుందనీ, మనసు ఫలానా విధంగా మారుతుందనీ ఖాయంగా చెప్పే ఆధారాలు లేవు. 2004లో అమెరికాలో రూత్ బ్రెంట్ టోఫ్లే బృందం ఆస్పత్రుల్లో రంగుల మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి దాదాపు ఇదే తేల్చింది. ఒక రంగుకూ ఒక ఆరోగ్య ఫలితానికీ నేరుగా ముడిపెట్టలేమనీ, అందరికీ పనికొచ్చే ఒకే రంగుల జాబితా ఇవ్వలేమనీ చెప్పింది.

గులాబీ గది కథ వినే ఉంటారు. 1979లో సియాటిల్‌లోని నౌకాదళ జైల్లో ఒక గదికి ముదురు గులాబీ రంగు వేస్తే అందులో పెట్టిన ఖైదీలు మెత్తబడ్డారని అలెగ్జాండర్ షాస్ అనే పరిశోధకుడు ప్రకటించాడు. ఆ జైలు అధికారుల పేర్లతో దానికి బేకర్-మిల్లర్ పింక్ అని పేరు కూడా వచ్చింది. చాలా చోట్ల గదులు గులాబీ రంగు పూసుకున్నాయి. తర్వాత స్విట్జర్లాండ్‌లో ఒక జైల్లో తెల్ల గదులతో పోల్చి జాగ్రత్తగా చూస్తే (2015లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి) తేడా ఏమీ కనబడలేదు.

మరి రంగు ఏ పనీ చేయదా? చేస్తుంది, చాలానే చేస్తుంది. కాకపోతే దాని మొదటి పని కంటితో. రోగి చర్మం అసలు రంగులో కనబడుతోందా, బాత్రూమ్ తలుపు ఎక్కడుందో తెలుస్తోందా, రాత్రిపూట మెట్టు అంచు ఆనుతోందా, పడుకున్న మనిషి కళ్లలో వెలుగు గుచ్చుకుంటోందా అన్నవి ముందు చూసుకోవాలి. మనసు సంగతి ఆ తర్వాత. ఈ వరసలో వెళ్తే సగం తప్పులు వాటంతటవే తప్పిపోతాయి.

1. మంచం మీద పడుకోండి

నిజంగానే చెబుతున్నాను. ఏ వార్డుకు రంగు వేయాలో అక్కడికి వెళ్లి, చెప్పులు విప్పి, మంచం మీద పది నిమిషాలు వెల్లకిలా పడుకోండి. లైట్లన్నీ వేయించండి. మీకు ఏం కనబడుతుందో ఒక కాగితం మీద రాసుకోండి.

షేడ్ కార్డు ముందు గంటసేపు మాట్లాడుకున్న గోడ మీకు కనబడదు. సీలింగ్ కనబడుతుంది. ట్యూబ్‌లైటో, ఎల్‌ఈడీ ప్యానెలో సూటిగా కళ్లలోకి కొడుతుంది. సెలైన్ స్టాండు కొక్కెం, ఏసీ పక్కన తడి మరక, కర్టెన్ వేలాడే పట్టాలు కనబడతాయి. తలవైపు గోడకు ఎంత ఖరీదైన రంగు వేసినా రోగి దాన్ని చూడలేడు. అది చూసేది ఎదురు మంచం వాళ్లు.

ఈ సంగతి 90 ఏళ్ల కిందటే ఒకాయన పట్టుకున్నాడు. ఫిన్లాండ్‌లో పైమియో అనే చోట 1933లో పూర్తయిన క్షయ ఆస్పత్రిని ఆల్వార్ ఆల్టో అనే ఆర్కిటెక్ట్ కట్టాడు. నెలల తరబడి పడుకుని ఉండేవాళ్లకు సీలింగే లోకం కాబట్టి రోగుల గదుల సీలింగ్‌కు తెలుపు మానేసి కాస్త ముదురు ఆకుపచ్చ వేయించాడు, కళ్లకు మిరుమిట్లు లేకుండా. లైటు కూడా పడుకున్నవాళ్ల కంట్లో పడని చోట పెట్టించాడు. మెట్ల దగ్గర మాత్రం నేలకు మంచి పసుపు. అక్కడ ఎవరూ పడుకోరు, నడుస్తారు.

మీరు కూడా సీలింగ్‌కు సున్నం తెలుపు తప్పనిసరి అనుకోనవసరం లేదు. కొద్దిగా తగ్గించిన, మెరుపు లేని లేత షేడ్ వేసి, లైటును మంచానికి సరిగ్గా పైన కాకుండా పక్కకు జరిపించండి. రంగు మార్చడం కన్నా ఆ లైటు జరపడమే ఎక్కువ సుఖాన్నిస్తుందని నా అనుభవం.

పడుకోవడం అయ్యాక లేచి ఇంకో రెండు చూపులతో చూడండి. మంచం పక్కన నిలబడి సూది వేసే నర్సు చూపు ఒకటి. మొదటిసారి వచ్చి, చేతిలో కాగితాలతో, టెన్షన్‌తో దారి వెతుక్కునే మనిషి చూపు ఇంకొకటి. ఈ ముగ్గురికీ కావలసినవి వేరువేరు.

2. రంగు కంటే ముందు లైటు తేల్చండి

రంగు అనేది గోడలో ఉండదు, గోడ మీద పడి తిరిగొచ్చే వెలుతురులో ఉంటుంది. కాబట్టి బల్బులు మార్చే ఆలోచన ఉంటే ముందు అవి మార్చి, తర్వాతే షేడ్ ఎంచుకోండి. ముందు రంగు వేసి, తర్వాత లైట్లు మారిస్తే మీరు ఎంచుకున్న లేత క్రీమ్ కాస్తా బూడిద రంగులోకి తిరుగుతుంది. అప్పుడు పెయింటరును తిట్టి లాభం లేదు.

లైట్ డబ్బా మీద రెండు అంకెలు చూడండి. మొదటిది సీఆర్ఐ. సూర్యకాంతిలాంటి వెలుగుతో పోలిస్తే ఆ బల్బు కింద వస్తువుల రంగులు ఎంత నిజంగా కనబడతాయో 100కు ఇంత అని చెప్పే అంకె అది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12464-1 ప్రకారం వార్డులో మామూలు లైటుకు 80, రోగిని పరీక్షించే చోట 90 ఉండాలి. పరీక్ష, చికిత్స గదుల్లో వెలుతురు కూడా 1,000 లక్స్ (వెలుతురును కొలిచే లెక్క) అడుగుతుంది. వార్డు మామూలు లైటుకు 100 లక్స్ చాలు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ సీఆర్ఐ లెక్కలోకి వచ్చే ఎనిమిది నమూనా రంగుల్లో ముదురు ఎరుపు లేదు. దానికి ఆర్9 అని వేరే అంకె ఉంటుంది. 80 సీఆర్ఐ ఉన్న చవక ఎల్‌ఈడీలో ఆర్9 సున్నా దగ్గర, ఒక్కోసారి సున్నాకు కింద కూడా ఉండొచ్చు. రక్తం, పెదవులు, దద్దుర్లు, గాయం అంచు, అన్నీ ఎరుపు మీదే ఆధారపడే సంగతులు. కాబట్టి పరీక్ష గదికి లైటు కొనేటప్పుడు ఆర్9 ఎంత అని అడగండి. అమ్మేవాడికి తెలియకపోతే కంపెనీ ఇచ్చే డేటా షీట్ తెప్పించుకోండి.

రెండో అంకె కెల్విన్. తక్కువైతే పసుపు వెలుగు, ఎక్కువైతే నీలపు తెలుపు. ఆక్సిజన్ తగ్గి చర్మం నీలం తిరగడాన్ని కనిపెట్టడానికి తగిన లైటు ఎలా ఉండాలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రమాణాల్లో ప్రత్యేకంగా ఒక కొలత పెట్టుకున్నారు. అక్కడ కెల్విన్ 3,300కూ 5,300కూ మధ్య ఉండాలంటారు. చాలామంది కొనేసే 6,500 కెల్విన్ లైటు ఆ గీత దాటిపోతుంది.

రాత్రి లైటు లెక్క పూర్తిగా వేరు. నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్‌ను ఎక్కువగా అణిచేసేది నీలం వైపు వెలుగు. అందుకే నైట్ ల్యాంప్‌ను నేలకు దగ్గరగా, మసకగా, కాషాయం వైపు ఉండేలా పెట్టించండి. నీలం నైట్ బల్బు "చల్లగా ఉంటుంది" అని పెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. దాన్ని తీసేయించండి.

3. రోగి ముఖానికి చుట్టూ ఉన్న రంగును అదుపులో పెట్టండి

ఇది నేను చేసిన తప్పు వల్ల నేర్చుకున్న పాఠం. కొన్నేళ్ల కిందట ఒక పసిపిల్లల వార్డుకు నిమ్మపండు పసుపు ఎంచింది నేనే. చూడటానికి ఎంత హాయిగా ఉందో! వారం తిరక్కుండా అక్కడి సీనియర్ సిస్టర్ పిలిచి, ఏమీ మాట్లాడకుండా ఒక బిడ్డను ఎత్తుకుని గోడ దగ్గరకు తీసుకెళ్లింది. బిడ్డ బుగ్గ పసుపు. అదే బిడ్డను కిటికీ దగ్గరకు తెచ్చింది. బుగ్గ మామూలుగా ఉంది. "రోజుకు పదిమంది తల్లులు కామెర్లా అని అడుగుతున్నారు, అది సరే. నిజంగా కామెర్లున్న బిడ్డ ఈ గోడ పక్కన పడుకుంటే నాకు తెలిసేదెలా?" అంది. సమాధానం నా దగ్గర లేదు. మళ్లీ రంగు వేయించాం.

జరిగేది ఇంతే. గోడ మీద పడ్డ వెలుతురు ఆ గోడ రంగును మోసుకుని రోగి ముఖం మీద పడుతుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే, మంచానికి ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ. పసుపు, పసుపు కలిసిన ఆకుపచ్చ కామెర్లున్నట్టు భ్రమ పుట్టిస్తాయి. నీలం గోడేమో పెదవులు నీలం తిరిగినట్టు చూపిస్తుంది, లేదా నిజంగా తిరిగినప్పుడు ఆ తేడా తెలియనివ్వదు. చిక్కటి గులాబీ గోడేమో, రక్తం తగ్గి పాలిపోయిన ముఖానికి కూడా కళ తెచ్చిపెడుతుంది. ఆస్పత్రిలో అది అక్కరలేని కళ.

గోడ కంటే పెద్ద దొంగ కర్టెన్. మంచం చుట్టూ లాగే ఆ తెర రోగికి అడుగు దూరంలో ఉంటుంది, మూడు వైపులా ఉంటుంది. మీ చేత్తో పరీక్షించి చూడండి. కర్టెన్ మూసి, మంచం మీద ఒక తెల్ల కాగితం పెట్టి, దాని పక్కన అరచేయి తెరిచి పట్టుకోండి. తర్వాత కర్టెన్ తీసి చూడండి. కాగితం తెలుపు మారితే, అరచేతి గీతల్లోని ఎరుపు మారితే ఆ బట్ట పనికిరాదు. అరచేయి అని ఎందుకన్నానంటే, చామనఛాయ, నల్లని చర్మాల్లో పాలిపోవడం ముఖం మీద అంత తేలిగ్గా తెలియదు. డాక్టర్లు అరచేతులు, నాలుక, కింది కనురెప్ప లోపలి భాగం చూస్తారు. ఆ లేత ఎరుపే మీ లైటుకూ, మీ రంగుకూ అసలు పరీక్ష.

మరి మంచం దగ్గర ఏ రంగు వేయాలి? లేత బూడిద కలిసిన తెలుపు, చాలా తక్కువ చిక్కదనం ఉన్న ఇసుక రంగు లాంటివి. విసుగ్గా ఉంటాయి, నిజమే. వాటికి తోడు కావలసిన రంగంతా మంచానికి ఎదురుగా ఉన్న గోడకు ఇవ్వండి. రోగికి కనబడేదీ అదే, ముఖానికి దూరంగా ఉండేదీ అదే. అప్పుడే పుట్టిన పిల్లల ఐసీయూలో మాత్రం ఆ సరదా కూడా బాగా తగ్గించుకోండి. కామెర్లకు అక్కడ పెట్టే నీలం లైటు కింద బిడ్డ ఒంటి రంగు ఎలాగూ తెలియదు. చూడాలంటే సిస్టర్లు ఆ లైటు ఆపి చూస్తారు. కంటితో అంచనా ఎన్నిసార్లు వేసినా చివరికి రక్త పరీక్షే ఖాయం చేస్తుంది, కానీ పరీక్షకు పంపాలన్న అనుమానం మొదట కంటికే రావాలి కదా.

4. ఆపరేషన్ థియేటర్‌లో తెలుపును తగ్గించండి

ఒక చిన్న పని చేయండి. ఎర్ర కాగితం ముక్కను మంచి వెలుతురులో అరనిమిషం రెప్ప వేయకుండా చూసి, వెంటనే తెల్ల గోడ వైపు చూడండి. గోడ మీద నీలం కలిసిన ఆకుపచ్చ మచ్చ తేలుతూ కనబడుతుంది. ఎరుపును గుర్తించే కంటి కణాలు అలసిపోయి కాసేపు చల్లబడటం వల్ల అలా జరుగుతుంది. గంటల తరబడి రక్తం వైపు చూసే సర్జన్ తలెత్తి తెల్ల గోడనో, తెల్ల గౌనునో చూస్తే అతనికీ అదే మచ్చ. అది కాక, పెద్ద లైట్ల కింద తెలుపు మిరుమిట్లు గొలుపుతుంది.

1914లో శాన్‌ఫ్రాన్సిస్కోలో హ్యారీ షెర్మన్ అనే సర్జన్ ఈ బాధ పడలేక తన థియేటర్‌కు పాలకూర ఆకుపచ్చ వేయించుకున్నాడు. గోడ, నేల, బట్టలు ఆ రంగులో ఉంటే తేలే మచ్చ వాటిలో కలిసిపోతుంది, ఎరుపు చూసే కన్ను కూడా తేరుకుంటుంది. థియేటర్ బట్టలు ఇప్పటికీ ఆకుపచ్చ, నీలం రంగుల్లో ఉండటానికి కారణం ఇదే. శాంతికీ దీనికీ సంబంధం లేదు.

మీరు చేయాల్సింది చిన్నదే. గోడలకు మరీ ముదురు కాని, మెరుపు లేని నీలాకుపచ్చ. బట్టల రంగుకు దగ్గరగా ఉంటే చాలు.

5. నేల, తలుపు, కమోడ్: తేడా కనబడేలా చేయండి

డబ్బు తక్కువగా ఉండి, ఒక్క పనే చేయగలిగితే ఈ పని చేయండి. మిగతావి వాయిదా వేయండి.

వయసు పెరిగే కొద్దీ కంటి లెన్స్ పసుపెక్కుతుంది, కంటిపాప చిన్నబడుతుంది. 60 ఏళ్ల మనిషి రెటీనాకు చేరే వెలుతురు 20 ఏళ్లవాడికి చేరేదానిలో సుమారు మూడో వంతు. నీలం, ఆకుపచ్చ షేడ్లు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శుక్లాల ఆపరేషన్ అయ్యాక "గోడకు కొత్తగా రంగు వేశారా?" అని అడిగే పెద్దవాళ్లు ఉంటారు. గోడ పాతదే, లెన్స్ కొత్తది. చిత్రకారుడు క్లోద్ మోనే 1923లో శుక్లాల ఆపరేషన్ చేయించుకోకముందు వేసిన బొమ్మల్లో నీలాలు సన్నగిల్లి ఎరుపు, గోధుమ రంగులు ముసురుకున్నది ఇందుకే.

కాబట్టి పెద్దవాళ్ల విషయంలో "ఇది ఏ రంగు" అన్నదాని కంటే "పక్కదానికంటే ఎంత లేత, ఎంత ముదురు" అన్నది ముఖ్యం. దీన్ని కొలవడానికి ఎల్‌ఆర్‌వీ అనే అంకె ఉంది. కటిక నలుపుకు 0, అచ్చమైన తెలుపుకు 100. మంచి కంపెనీల షేడ్ కార్డుల వెనుక ఈ అంకె వేస్తారు. బ్రిటన్ ప్రమాణం బీఎస్ 8300 గోడకూ నేలకూ, గోడకూ తలుపుకూ మధ్య కనీసం 30 పాయింట్ల తేడా అడుగుతుంది. మీ కార్డు మీద అంకె లేకపోతే ఫోన్ తీసి కెమెరాను బ్లాక్ అండ్ వైట్‌లో పెట్టి ఫోటో తీయండి. ఎరుపు తలుపు, ఆకుపచ్చ గోడ కంటికి ఎంత వేరుగా ఉన్నా ఫోటోలో ఒకే బూడిద ముద్దగా వస్తే, చూపు తగ్గిన మనిషికి ఆ తలుపు లేనట్టే.

ముందు బాత్రూమ్‌కు వెళ్లండి. తెల్ల టైల్స్, తెల్ల నేల, తెల్ల కమోడ్, తెల్ల సీటు, మెరిసే స్టీలు కమ్మీ. శుభ్రంగా కనబడుతుంది, కానీ అర్ధరాత్రి కళ్లజోడు లేకుండా, మందుల మత్తులో వచ్చే ముసలాయనకు సీటు ఎక్కడ మొదలవుతుందో తెలియదు. సీటును ముదురు రంగుకు మార్చండి. పట్టుకునే కమ్మీకి గోడకు పూర్తి వ్యతిరేకంగా ముదురు నీలమో, ఎరుపో ఇవ్వండి. మొత్తం భవనానికి రంగులు వేయించే ఖర్చుతో పోలిస్తే ఇది లెక్కలోకే రాదు.

తర్వాత నేల. ఇక్కడ తేడా ఉండాల్సిన చోట ఉండాలి, లేని చోట ఉండకూడదు. నేను చూసిన ఒక కారిడార్‌లో లేత టైల్స్ మధ్య, వార్డు మొదలయ్యే చోట, అందం కోసం జానెడు వెడల్పు నల్ల పట్టీ వేశారు. మతిమరుపు జబ్బున్న ఒక పెద్దాయన అక్కడికి వచ్చి ఆగాడు. కాలి బొటనవేలితో ఆ పట్టీని తాకి చూశాడు. చెయ్యి గోడకు ఆనించి, మోకాలు పైకెత్తి, కాలువ దాటుతున్నట్టు దాటబోయి తూలాడు. పక్కనున్న మనవడు పట్టుకోబట్టి సరిపోయింది. ఆయన కంటికి అది పట్టీ కాదు, గొయ్యి. ముదురు డోర్‌మ్యాట్ కూడా ఇలాగే మోసం చేస్తుంది. మెరిసే గచ్చు తడిగా ఉన్నట్టు కనబడి కాళ్లు బిగుసుకుపోయేలా చేస్తుంది. చుక్కల గ్రానైట్ చెత్త పడినట్టు ఉంటుంది, కొందరు వంగి ఏరబోతారు.

సూత్రం సులభం. నడిచే నేలంతా గది మారినా ఒకే తీరుగా, మెరుపు లేకుండా ఉండాలి. నేల గోడను కలిసే చోట, మెట్టు అంచు దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు ఉండాలి. ప్రతి మెట్టు అంచుకూ 5 సెంటీమీటర్ల పట్టీ వేయించండి, మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ మాత్రమే వేసి ఊరుకోకండి.

ఈ తేడాను దాచడానికి కూడా వాడుకోవచ్చు. మందుల స్టోరు, కరెంటు గది తలుపులకు గోడ రంగే వేస్తే మతిమరుపు రోగులు వాటి జోలికి వెళ్లరు. బాత్రూమ్ తలుపుకు మాత్రం వార్డులో ఇంకెక్కడా లేని రంగు ఇచ్చి, అన్ని అంతస్తుల్లో అదే ఉంచండి. అగ్నిప్రమాదంలో బయటపడే తలుపును మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ దాచకండి.

భోజనం ప్లేటు కూడా ఈ లెక్కలోదే. 2004లో బోస్టన్ పరిశోధకులు ముదిరిన ఆల్జీమర్స్ ఉన్న కొద్దిమందికి తెల్ల పాత్రలకు బదులు చిక్కటి రంగు పాత్రల్లో పెడితే ఆహారం 25 శాతం, ద్రవాలు 84 శాతం ఎక్కువ తీసుకున్నారు. మొదట ఎరుపు వాడారు, తర్వాత చిక్కటి నీలంతోనూ అలాగే అయింది. ఎరుపులో మహిమ ఏమీ లేదు, ప్లేటు మీద ఉన్నది కళ్లకు కనబడింది, అంతే.

6. దారి చూపే రంగులు నాలుగు దాటనీయకండి

ఒక్కో విభాగానికి ఒక్కో రంగు పెట్టాలని అందరికీ ఉబలాటం. పన్నెండు విభాగాలకు పన్నెండు రంగులు పెడితే ఎవరికీ గుర్తుండవు. రిసెప్షన్‌లో కూర్చున్న అమ్మాయి నోటితో చెప్పగలిగే రంగులే వాడండి. "నీలం గీత వెంట వెళ్లండి" అని చెప్పొచ్చు. "నెమలి మెడ రంగుకూ సముద్రపు రంగుకూ మధ్య ఉంటుందండీ" అని చెప్పలేదు కదా.

రంగు ఒక్కదాన్నే నమ్ముకోకండి. పక్కన అంకెనో, బొమ్మనో, అక్షరాన్నో పెట్టండి. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియనివాళ్లు ఉత్తర ఐరోపా మూలాలున్న మగవాళ్లలో సుమారు 8 శాతం ఉంటారు. మిగతా చోట్ల కాస్త తక్కువ, కానీ లేనిచోటు లేదు.

ఇంకో జాగ్రత్త. అంతర్జాతీయ భద్రతా గుర్తుల్లో ఎరుపు నిషేధానికీ అగ్నిమాపక సామగ్రికీ, పసుపు హెచ్చరికకూ, నీలం తప్పక చేయాల్సినదానికీ, ఆకుపచ్చ సురక్షితమైన దారికీ వాడతారు. చెత్త డబ్బాలకూ, గ్యాస్ సిలిండర్లకూ మీ దేశంలో వేరే రంగుల నియమాలు ఉంటాయి. ఆ గుర్తులు తగిలించే గోడ వాటి రంగులోనే ఉంటే అవి అందులో మునిగిపోతాయి.

7. ఇప్పుడు మనసు సంగతి

ఇక్కడిదాకా వచ్చాక మీకు మిగిలిన గోడలు తక్కువే: వెయిటింగ్ హాలు, కారిడార్లు, మంచానికి ఎదురు గోడ, సిబ్బంది గది. వీటిలో మీ ఇష్టానికి చోటుంది.

ఏ రంగు అన్నదానికంటే అది ఎంత చిక్కగా ఉంది, ఎంత లేతగా ఉంది అన్నది మనసు మీద ఎక్కువ పనిచేస్తుందని 1994లో వాల్డెజ్, మెహ్రాబియన్ అనే ఇద్దరు చూపించారు. కాబట్టి నీలమా ఆకుపచ్చా అని తగువు పడేకన్నా, గంటల తరబడి కూర్చునే చోట చిక్కదనం తగ్గించండి, దాటి వెళ్లిపోయే చోట పెంచండి. మానసిక చికిత్స వార్డుల్లో గజిబిజి డిజైన్లు, దగ్గర దగ్గర గీతలు వద్దు. గీతలు మైగ్రేన్ ఉన్నవాళ్లకు కూడా చాలా ఇబ్బంది.

పిల్లల వార్డు అనగానే కార్టూన్లు వేసేస్తారు. నాలుగేళ్ల పిల్లకు బాగుంటుంది. పద్నాలుగేళ్ల కుర్రాడు ఆ గోడ పక్కన మూడు వారాలు పడుకోవాలంటే సిగ్గుతో చచ్చిపోతాడు. గోడను సాదాగా ఉంచి, అతికించి తీసేయగలిగే బోర్డు పెట్టండి. ఎవరికి కావలసింది వాళ్లు పెట్టుకుంటారు. తన చుట్టూ ఉన్నదాన్ని కాస్తయినా తానే మార్చుకోగలిగితే దొరికే ఊరట ఏ షేడూ ఇవ్వలేదు.

రంగు అర్థాలు సమాజాన్ని బట్టి మారతాయి. తెలుపు ఒకచోట పెళ్లిది, ఇంకోచోట చావుది. మీ దగ్గరకు వచ్చేవాళ్లను అడగండి, వార్డు శుభ్రం చేసేవాళ్లను కూడా కలిపి.

సిబ్బంది విశ్రాంతి గదిని వార్డుకు పూర్తిగా భిన్నంగా చేయండి. పన్నెండు గంటలు ఒకే లేత గోడల మధ్య తిరిగిన మనిషి టీ తాగడానికి కూర్చుంటే, డ్యూటీలోనే ఉన్నట్టు అనిపించకూడదు. ఇక్కడ ఎంత ముదురు రంగైనా వేసుకోవచ్చు.

గోడ కన్నా కిటికీ గొప్పదన్న మాట కూడా చెప్పాలి. 1984లో రోజర్ ఉల్రిచ్ అచ్చువేసిన పరిశోధనలో, పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్లలో కిటికీలోంచి చెట్లు కనబడ్డవాళ్లు, ఇటుక గోడ కనబడ్డవాళ్ల కంటే ముందుగా ఇంటికి వెళ్లారు, బలమైన నొప్పి మందులు తక్కువ వాడారు. కిటికీకి అడ్డంగా బీరువా పెట్టి, గోడకు ఆకుల బొమ్మ వేయించే ఆస్పత్రులను చూస్తే నాకు నవ్వాలో ఏడవాలో తెలియదు.

8. చిన్న ముక్క చూసి డబ్బాలు కొనకండి

షేడ్ కార్డు మీద అగ్గిపెట్టెంత ముక్కలో లేతగా కనబడ్డ రంగు గోడంతా వేస్తే చిక్కగా కనబడుతుంది. నాలుగు గోడలూ ఒకదాని రంగును మరొకటి పెంచుతాయి కూడా. మీటరు పొడవు, మీటరు వెడల్పు అట్టకు రెండు కోట్లు వేయించండి. వార్డులో పొద్దున, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద పెట్టి చూడండి. దాని పక్కన అరచేయి పెట్టి చూడటం మరిచిపోకండి. కర్టెన్ బట్ట, నేల టైలు ముక్క కూడా ఆ అట్ట దగ్గరే ఉండాలి. విడివిడిగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయి.

అట్టలో ఒక మూల మీ ఆస్పత్రిలో వాడే క్రిమిసంహారక ద్రవంతో రోజుకు నాలుగుసార్లు చొప్పున వారం రోజులు తుడిపించండి. క్లోరిన్ ద్రవాలకు కొన్ని రంగులు తెల్లబోతాయి. కడగడానికి వీలని బాగా మెరిసే పెయింట్ అంటగట్టాలని చూస్తారు. మెరుపు తక్కువగా ఉండి కూడా రుద్దుడును తట్టుకునేవి దొరుకుతాయి, అవే అడగండి. రోగులు ఉన్న వార్డులో వేయిస్తుంటే వాసన, ఆవిర్లు తక్కువ ఉన్న పెయింట్ తెప్పించి, పూర్తిగా ఆరాకే మంచాలు లోపలికి తీసుకెళ్లండి.

వేసిన ప్రతి రంగు నంబరూ, ఏ గోడకు వేశారో, బల్బు కెల్విన్, సీఆర్ఐ ఎంతో ఒక కాగితం మీద రాసి మెయింటెనెన్స్ గదిలో అతికించండి. రెండేళ్ల తర్వాత స్ట్రెచర్ గీసుకుపోయిన చోట అతుకు వేసేటప్పుడు "ఇలాంటిదే ఏదో క్రీమ్" తెచ్చేస్తే, మీరు పెట్టిన తేడాలన్నీ మెల్లగా చెరిగిపోతాయి.

నెల గడిచాక మళ్లీ వెళ్లండి. ఈసారి రాత్రి రెండు గంటలప్పుడు. నైట్ డ్యూటీ సిస్టర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: "రోగిని చూడటానికి ఏ మంచం దగ్గర టార్చ్ వేయాల్సి వస్తోంది?" ఆమె చూపించిన మంచం మీద చెప్పులు విప్పి పడుకుని చూడండి.